దులిపిన చేత్తోనే

నారాయణఖేడ్‌లో మా వీధిలోకి మలుపు తిరగగానే జగదీశ్వర్ ఫ్యాన్సీ దుకాణం, దాని గోడను ఆనుకొని నా టైలరింగ్ దుకాణం. నా పేరు మల్లీశ్వరి. జాకెట్లు కుడతాను. నేను చెప్పబోయేది నా కథ కాదు, దుర్గాభవానిది. ఇప్పుడు ఆమె నా దుకాణం ముందు సగంలో ఒక గాజు అర పెట్టుకొని పిల్లలకు ఆట కార్డులు అమ్ముతోంది. ఊళ్లో వేరే జాగా దొరక్క కాదు. జగదీశ్వర్ పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు ఒకసారి, సాయంత్రం దించినప్పుడు ఒకసారి తన మొహం చూసి తీరాలని ఇక్కడే పెట్టింది. మంచి పని చేసిందని నేనంటాను. ఆమె గురించి ఎవరైనా తేడాగా మాట్లాడితే నా చేతిలో కత్తెర ఉన్న సంగతి కూడా నాకు గుర్తుండదు. అందుకే ఉన్నదున్నట్టు నేనే చెప్తున్నాను.

భవాని పుట్టింది సిర్గాపూర్‌లో. తల్లిదండ్రులు వానలు లేని ఏడల్లా పట్నం పోయి, మేస్త్రీల కింద ఇటుకలు మోసి చదివించారు. డిగ్రీ చేతికొచ్చే లోపే పెళ్లి చేశారు. భర్త సుభాష్ కల్హేర్ రూటులో ఆటో నడుపుతాడు. ఒక ఆడపిల్ల. మనిషిని చూస్తే గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. టమాటలు తూచేటప్పుడు తక్కెడలో వేలు పెట్టిందని అమ్మే ఆమె చేతిలోంచి తక్కెడ లాక్కొని తానే తూచుకున్న మనిషి. తుల్జా భవాని పేరు పెట్టుకున్నందుకు ఆ మాత్రం ఉండాలి లెమ్మని నేను నవ్వేదాన్ని.

జగదీశ్వర్ వాళ్లు కంగ్టి దిక్కు భూములున్న వాళ్లు. మొదట పెన్నులు, నోటుబుక్కులు, గాజులు అమ్మేవాడు. తర్వాత బడిపిల్లల పుణ్యమా అని ఆట కార్డులు తెప్పించాడు. ఆట కార్డులంటే పేకముక్కలు కావు. ఒక్కో అట్టముక్క మీద ఒక జంతువో, కత్తి పట్టిన వీరుడో ఉంటాడు, వెనకాల వాడి బలం ఎంతో రాసి ఉంటుంది. పాకెట్టు చింపితే గానీ లోపల ఎవరున్నారో తెలియదు. రెండోసారి వచ్చినవాణ్ణి పక్క పిల్లవాడికిచ్చి తన దగ్గర లేనివాణ్ణి తీసుకోవాలి. ఎప్పుడో ఒకసారి ఒక పాకెట్టులో మెరిసే కార్డు వస్తుంది. అటువంటి దాని కోసం పుణేలో, బెంగళూరులో మీసాలొచ్చిన మగాళ్లు కూడా వేలు పోస్తారట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్విన నవ్వుకు సూది వేలిలో దిగింది.

ఆ మెరిసే కార్డులను ఆన్‌లైన్‌లో అమ్మడానికే జగదీశ్వర్ భవానిని పెట్టుకున్నాడు. పాకెట్లు విప్పడం, మంచి కార్డును ప్లాస్టిక్ కవరులో దూర్చడం, ముందూ వెనకా ఫోటోలు తీసి ఫోనులో అమ్మకానికి పెట్టడం, గడులున్న డబ్బాలో దాని గడిలో దాన్ని నిలబెట్టడం, ఎవరైనా కొంటే ప్యాక్ చేసి కొరియర్‌కు ఇవ్వడం, అన్నీ ఆమే. రెండేళ్లలో ఆ దుకాణానికి బయటి ఊళ్ల పేరు వచ్చిందంటే ఆమె వల్లే. ఆ సంగతి జగదీశ్వర్ ఏనాడూ నోటితో అనలేదు.

శనివారం వచ్చిందంటే వాళ్లిద్దరూ స్టాకు కలిపేవాళ్లు. టాలీ అనేవాళ్లు దాన్ని. భవాని ఫోను చూస్తూ కార్డు పేరు పిలవాలి, జగదీశ్వర్ డబ్బాలోంచి దాన్ని పైకెత్తి "ఉంది" అనాలి. ఫోనులో కనపడేది డబ్బాలో లేకపోతే రేపు కొన్నవాడికి ఏం పంపుతారు? అందుకని ఆ జాగ్రత్త. ఒకవేళ లేకపోతే, అది ఎవరివల్ల పోయిందో వాళ్లు "నా చేతిల పోయింది" అని పైకి అనాలి. ఈ నియమం జగదీశ్వర్ పెట్టిందే. ఒకసారి టీ చుక్క పడి ఒక గద్ద కార్డు పాడైంది. భవాని ఆ మాట అన్నది. "ఇనవడలే. ఇంకింత గట్టిగ. బజారుకు ఇనవడాలె" అని ముందుకు వంగి నవ్వాడు. ఆమె మళ్లీ అన్నది. గోడకు ఇవతల నా మిషను ఆగిపోయింది. వాడి మొహం మండ, టీ గ్లాసు డబ్బా పక్కన పెట్టింది వాడే.

ఇక సిద్దమ్మ సంగతి చెప్పాలి. జగదీశ్వర్ తల్లి. నిండు మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు, నడుముకు వక్కల తిత్తి. భవానికి ఇంటి నుంచి కూర తెచ్చి పెట్టేది. శుక్రవారం శుక్రవారం స్నానం చేసి దుకాణానికి వచ్చి, గల్లా పైన గోడలో ఉన్న దేవుని గూటిలో లక్ష్మీదేవి ఫోటోకు దీపం పెట్టేది. ఆ గూటిలో ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టరు. కొడుకైనా సరే, దుమ్ము కూడా దులపడు. కొత్త సరుకు దిగిందంటే అందులో ఒకటి తీసి పసుపు కుంకుమ బొట్టు పెట్టి అమ్మవారి దగ్గర ఉంచడం ఆమె పద్ధతి. పెన్నుల డబ్బా వస్తే పెన్ను, గాజులొస్తే గాజు. కార్డుల జోలికి మాత్రం పోయేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అవి పేకముక్కలే. "దేవ్రే, లక్ష్మి ఉన్న జాగల గీ జూదమేంది రా" అని కొడుకును తిట్టేది.

ఆ వారం కొత్త పాకెట్ల పెట్టె వచ్చింది. అందులో భవాని చేతికి బంగారు ఏనుగు తగిలింది. చుట్టూ బంగారు అంచు, మధ్యలో తొండం ఎత్తిన ఏనుగు. నన్ను గోడ అవతల నుంచి పిలిచి మరీ చూపించింది. "అక్కా, గిది మన రాష్ట్రంల ఎవ్వరికన్న తగిలిందో లేదో!" అని చిన్నపిల్లలా గెంతింది. ఫోటోలు తీసి అమ్మకానికి పెట్టింది. రెండు రోజులు తిరగకుండా నాగపూర్ నుంచి ఒకతను కొన్నాడు. ఆ డబ్బు పడిన సంబరంలో జగదీశ్వర్ నాకు కూడా జిలేబీ పంపాడు.

ఆ రోజు వారపు అంగడి, ఆ వారం టాలీ ఇంకా కాలేదు. ఊరంతా మా వీధిలోనే ఉన్నది. భవాని ప్యాక్ చేద్దామని డబ్బా తెరిచింది. గడిలో కవరు నిలబడి ఉంది, కవరులో కార్డు లేదు. దొంగ అయితే నోరు మూసుకొని డబ్బా మూసేస్తుంది. ఈమె తానే అరిచింది.

"సేటూ, ఏనుగు లేదు! కవరొక్కటే ఉంది!"

జగదీశ్వర్ వచ్చి చూశాడు. డబ్బా గుమ్మరించాడు, బల్ల కింద చూశాడు. తర్వాత ఆ ఖాళీ కవరును రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు.

"తెలివి మంచిగనే జేసినవ్. కార్డు తీసి కవరు నిలవెడ్తే గడి నిండుగ కనవడ్తది అనుకున్నవ్ గద?"

"ఏమంటున్నవ్ సేటూ? తీస్తే నేనెందుకు పిలుస్త నిన్ను?"

"డబ్బా ముట్టేది నువ్వొక్కదానివి. పెట్టింది నువ్వు. నీ బ్యాగు దే ఇటు."

ఆమె ఇవ్వలేదు. అతనే లాక్కున్నాడు. జిప్పు రాకపోతే గుంజాడు, పుటుక్కున తెగింది. గల్లా బల్ల మీద, గిరాకీల ముందర, అంగడికొచ్చిన జనం ముందర బ్యాగు తలకిందులు చేసి దులిపాడు. దువ్వెన, చిన్న అద్దం, బొట్టు బిళ్లల అట్ట, బిడ్డ రిబ్బను, తొక్కు డబ్బా రాలాయి. చేతిరుమాలులో కట్టిన రెండు జొన్న రొట్టెలు దొర్లి నేల మీద పడ్డాయి. చివరికి పేపరులో చుట్టిన చిన్న పొట్లం పడింది. ఆడవాళ్లు నెలకోసారి బ్యాగులో పెట్టుకొని తిరిగే పొట్లం అది. చూస్తేనే తెలుస్తుంది. ఆ సిగ్గులేనివాడు దాన్ని కూడా విప్పి చూశాడు.

మగవాళ్లు కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు నవ్వారు. ఏమీ దొరక్కపోయే సరికి జగదీశ్వర్ వెనక్కి అడుగేశాడు, రొట్టెలు చెప్పుల కింద నలిగాయి. "ఇంట్ల దాశి ఉంటవ్. పో. మళ్ల నా గడప తొక్కకు. దొంగది" అన్నాడు. ఆ చివరి మాట అంగడి అంతా విన్నది.

నా ఒళ్లు భగ్గుమంది. మిషను వదిలేసి పరుగెత్తాను. భవాని ఏడవలేదు. ఒక్కటి కూడా ఏరుకోలేదు. చెట్టులా నిలబడి ఉంది. నేనే అన్నీ కొంగులో వేసుకొని, ఆమె చెయ్యి పట్టి నా దుకాణంలోకి తెచ్చాను. బ్యాగులో సర్దబోతే నా మణికట్టు పట్టుకున్నది. గోళ్లు దిగాయి.

"సర్దకు అక్కా. ఏ చేత్తోని దులిపిండో గా చేత్తోనే సర్దాలె. అందాక నా సామాన్లు నీ దగ్గర్నే ఉండనియ్."

దారాల పెట్టె మూతలో అవన్నీ పోసి అల్మారాలో పెట్టాను. రొట్టెలు తేలేదు. తేవడానికి ఏం మిగిలిందని!

తర్వాత జరిగింది వింటే మీ కడుపూ రగులుతుంది. జగదీశ్వర్ ఆమెను తిట్టి ఊరుకోలేదు. బట్టల దుకాణం వాళ్లకు, కిరాణం వాళ్లకు, కొరియర్ వాళ్లకు అందరికీ చెప్పాడు. "జర జాగ్రత్త" అని ఫోన్లు చేశాడు. ఆమె నా దగ్గర కూర్చొని హుక్కులు కుడుతుంటే, జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చిన ఒకామె పర్సును బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నది. భవాని చూసింది. నేను ఆ కొలత తీయలేదు. "ఇంకో టైలర్ను చూస్కో, నీ పర్సు పట్టేంత పెద్దది కాదు నా దుకాణం" అని పంపేశాను.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. సుభాష్ ఆటోలో ఎవరో ఏదో అన్నారట. ఇంటికొచ్చి, బిడ్డ వినకుండా, మెల్లగా అడిగాడట. "నాతోనన్న నిజం జెప్పు. తీసినవా?" అని. భవాని ఈ మాట నాకు చెప్పేటప్పుడు సూదికి దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. దారం పారేసింది.

"నా ఇజ్జత్ అంగడిల పోయింది అక్కా. అంగడిల్నే రావాలె. చెవిల చెప్తే రాదు, ఇంట్ల చెప్తే రాదు. గాయన నోటితోనే, గా జాగల్నే. రాకపోతే నా బిడ్డ దొంగదాని బిడ్డయితది."

నాకు ఓపిక తక్కువ. ఆ అమ్మకాల యాప్ పాస్‌వర్డు ఇంకా ఆమె ఫోనులోనే ఉన్నది, జగదీశ్వర్‌కు అది మార్చడం కూడా చేతకాదు. "అన్ని కార్డులకు రూపాయి ధర పెట్టు పిల్లా. రాత్రికి రాత్రి ఊడ్చుకపోతరు. నెత్తి నోరు కొట్టుకోని" అని ఎక్కించాను. ఆమె చాలాసేపు ఫోను చూస్తూ కూర్చుంది. వేలు దురదపెడుతున్నట్టు నాకు కనిపించింది. అయినా ఫోను బోర్లా పెట్టేసింది.

"గట్ల జేస్తే నేను దొంగనే అని వాడన్నది నిజమైతది. నాకు వాని నష్టం తర్వాత. ముందుగాల వాని మెడ వంగాలె."

ఒకరోజు పొద్దున నేను దుకాణం తెరిచి, ఊదుబత్తుల పాకెట్టు తెచ్చి ప్లాస్టిక్ కాగితంతోనే నా దేవుని ఫోటో ముందు పెట్టి, అగ్గిపెట్టె వెతుకుతున్నాను. నవ్వుకుంటూ అన్నాను, "గీ కాగితంతోని పెట్టంగ సిద్దవ్వ చూస్తే నా వీపు పలుగుతది" అని. సిద్దమ్మకు అదొక పట్టింపు. ప్లాస్టిక్ ఏదీ దేవుడి ముందు పెట్టనివ్వదు. పూలు తెస్తే కవరు గడప బయటే తీసేయాలి. కొబ్బరికాయ సంచీలోంచి తీసే లోపలికి తేవాలి. మూసి పెట్టింది దేవునికి అందదని అంటుంది.

హుక్కు కుడుతున్న భవాని చెయ్యి ఆగింది.

"అక్కా, దొంగ కవరిడిచిపెట్టి కార్డు తీస్కపోతడా?"

"నాకేం తెల్సు?"

"తీస్కపోడు. కవరు లేకుంటే అంచులు అరుగుతయ్, ఎవ్వడు కొనడు. కార్డులెరిగినోడు కవరుతోనే తీస్కపోతడు. కవరు ఇప్పి తీసిందంటే..." ఆమె లేచి నిలబడింది. "గా అంగడికి ముందటి శుక్రవారం నేను కొరియర్ దగ్గరికి పోయిన. సేటు బ్యాంకుకు పోయిండు. దుకాణంల ఎవరున్నరు?"

నాకు కూడా వెలిగింది. ఆ శుక్రవారం దీపం పెట్టడానికి సిద్దమ్మ వచ్చింది. సాయంత్రమే కంగ్టిలో కూతురు కాన్పుకు బస్సెక్కి వెళ్లింది, ఇప్పటి దాకా రాలేదు. జూదమని ఏవగించుకునే మనిషి కార్డు ఎందుకు తీస్తుందనేదే అర్థం కాలేదు. ఇద్దరం వీధిలోకి వెళ్లి, కూరగాయల బండి దగ్గర నిలబడి, జగదీశ్వర్ దుకాణంలోకి చూశాం. గల్లా పైన గూడు. గూట్లో లక్ష్మీదేవి ఫోటో. అమ్మవారికి రెండు పక్కలా తొండాలెత్తిన ఏనుగులు. ఫోటో వెనక నుంచి వేలెడంత బంగారు అంచు బయటికి కనబడుతోంది.

ఏనుగును చూసి పెట్టిందన్న మాట! తొండమెత్తిన బంగారు ఏనుగు లక్ష్మీదేవి దగ్గర కాక ఇంకెక్కడుంటుంది సిద్దమ్మ లెక్కలో!

నేను చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి దుకాణం మీద పడబోయాను. భవాని నన్ను వెనక్కి లాగింది. ఆమె కళ్లలో అంత వెలుగు అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు గాదు. అంగడి రానియ్. అవ్వ రానియ్."

"అవ్వకు ఫోన్ జేసి చెప్పు మరి. పాపం ముసల్ది, అందరి ముందట..."

"చెప్తే తల్లికొడుకులు లోపల్లోపల సర్దుకుంటరు. పైసలు చేతిల పెట్టి ఇగ మర్చిపో అంటరు. నేను మర్చిపోను."

ఈ లోపల నాగపూర్ అతను కార్డు రాలేదని ఫిర్యాదు పెట్టాడు. అమ్మకానికి చూపించి పంపకపోతే ఆ యాప్ వాళ్లు ఊరుకోరు. జగదీశ్వర్ ఖాతా మూసేశారు. అతను దుకాణంలో ఫోను పట్టుకొని హిందీలో బతిమాలుతుంటే గోడకు ఇవతల మాకు వినబడేది. భవాని ఒక్క మాట చెబితే ఆగే పని. కార్డు నీ నెత్తి మీదనే ఉందని అంటే చాలు. ఆమె టీ తాగుతూ విన్నది. నేను ఇంకో టీ తెప్పించాను. ఇద్దరం హాయిగా తాగాం.

సిద్దమ్మ నాకు జాకెట్లు ఇచ్చి వెళ్లింది. అంగడి రోజు వస్తున్నా, కుట్టి పెట్టమని ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున భవాని తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని వచ్చింది. బ్యాగుకు నేను కొత్త జిప్పు వేసి ఇచ్చాను. దారాల పెట్టె మూత కిందికి దించింది. సుభాష్‌ను ఆటో పక్కకు పెట్టి అక్కడే నిలబడమన్నది. ఎందుకని అతను అడగలేదు, అడిగే మొహం కూడా లేదు.

అంగడి నిండిన వేళకు సిద్దమ్మ బస్సు దిగి, సంచులు దుకాణంలో దింపి, కుర్చీలో కూర్చొని వక్క కొరికింది. భవాని ఖాళీ బ్యాగు, ఆ మూత పట్టుకొని గల్లా ముందుకు పోయింది. నేను వెనకాలే.

"నా గడప తొక్కకు అన్న గదనే!" అని జగదీశ్వర్ లేచాడు.

"నీ కార్డు దొర్కింది సేటూ. చెప్పిపోదామని వచ్చిన." గొంతు మామూలుగానే ఉంది గానీ అవతలి బట్టల దుకాణం దాకా వినబడింది. జనం తిరిగి చూశారు.

"ఏడ దొర్కింది? నీ ఇంట్లనా?"

"నీ దేవుని గూట్లె."

"నీ దొంగతనం నా దేవుని మీద పెడ్తవా?"

"అవ్వా," అని భవాని సిద్దమ్మ వైపు తిరిగింది. "గా ఫోటో ఎనక ఏం పెట్టినవ్?"

సిద్దమ్మకు ఏమీ తెలియదు. చల్లగా చెప్పింది. "ఏనుగు బొమ్మ. కొత్త సరుకొస్తే పెడ్త గద బిడ్డా. ఎన్నడు మంచి బొమ్మలు రాకపోయె, గీసారి లక్ష్మమ్మ ఏనుగే వచ్చె. ఏమైంది?"

చేతులు కడుక్కొని, స్టూలెక్కి, ఫోటో వెనక నుంచి దాన్ని తీసి ఇచ్చింది. బంగారు అంచు మెరిసింది. ఏనుగు నుదుటి మీద పసుపు, పసుపు మీద కుంకుమ, దాని మీద దీపం నూనె చుక్క. వేల రూపాయల కార్డు దేవుడి పటమై కూర్చుంది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగదీశ్వర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గీ కార్డు కోసమే గా పిల్ల బ్యాగు దులిపిండు గద మొన్న!" అని కూరగాయలామె అన్నది. తక్కెడ గుంజించుకున్న ఆమే. "ఆడోళ్ల పొట్లం గూడ ఇప్పి చూసిండు!"

సిద్దమ్మ స్టూలు దిగింది. కొడుకును చూసింది, భవానిని చూసింది. నడుము నుంచి వక్కల తిత్తి విప్పి గల్లా బల్ల మీద పెట్టింది.

"తీసింది నేను. దొంగల సంచులు దులుపుతవట గద. గిది నా సంచి. దులుపు."

"అమ్మా, జర లోపలికి పా. అందరు చూస్తున్నరు."

"లోపలికెందుకు? గా పిల్లను లోపలికి తీస్కపోయి అడిగినవా? దులుపు రా! నీయమ్మ సంచి దులుపు!"

జగదీశ్వర్ చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. సిద్దమ్మ తిత్తిని తానే తలకిందులు చేయబోయింది. భవాని ఆ చేతులు పట్టుకొని తిత్తి మూతి బిగించి కట్టింది.

"నీ మీద కాదవ్వా."

"నాతోని ఒక్క మాట ముందే చెప్పకపోతివి బిడ్డా," అని సిద్దమ్మ అన్నది. ఆ గొంతు నేను మరచిపోలేను. తర్వాత చాలా రోజులు ఆమె ఆ గూట్లో దీపం తప్ప ఇంకేమీ పెట్టలేదు.

భవాని కళ్లు దించుకున్నది. ఒక్క క్షణమే. "చెప్తే నీ కొడుకు నీ ఒక్కదాని ముందట ఒప్పుకుంటుండె అవ్వా. దొంగది అన్నది అంగడి ముందట." తర్వాత మూతలోని సామాన్లన్నీ బల్ల మీద పోసి, ఖాళీ బ్యాగు జగదీశ్వర్ ముందుకు జరిపింది. "టాలీ చేద్దాం సేటూ. నేను పిలుస్త, నువ్వు పెట్టు."

అతను తల్లి వైపు చూశాడు. సిద్దమ్మ మొహం తిప్పుకోలేదు. జనం వైపు చూశాడు. అక్కడా దారి లేదు.

"దువ్వెన."

"ఉంది." బ్యాగులో పెట్టాడు.

"అద్దం."

"ఉంది."

"బొట్టు బిళ్లలు. రిబ్బను. తొక్కు డబ్బా."

"ఉన్నయ్."

"కాగితం పొట్లం."

అతను తల వంచి, ఆ పొట్లాన్ని రెండు చేతులతో తీసి, విప్పిన పేపరును సరిగ్గా మళ్లీ మడిచి లోపల పెట్టాడు.

"రెండు జొన్న రొట్టెలు."

జగదీశ్వర్ బల్ల మీద చూశాడు. ఏమీ మిగల్లేదు. నేల చూశాడు.

"లేవు."

"లేకపోతే ఏమనాలె సేటూ? నువ్వు పెట్టిన రూలే."

అతని పెదవులు కదిలాయి. ఏదో వినబడీ వినబడనట్టు అన్నాడు.

"ఇనవడలే," అన్నది భవాని. "ఇంకింత గట్టిగ. అంగడికి ఇనవడాలె."

"నా చేతిల పోయినయ్!" అని అరిచాడు జగదీశ్వర్. "తప్పు నాది. నువ్వు తియ్యలే."

సుభాష్ జనాన్ని తోసుకొని ముందుకొచ్చి బ్యాగు కోసం చెయ్యి చాపాడు. భవాని ఇవ్వలేదు. తానే భుజానికి తగిలించుకొని, గడప దిగి, జిప్పు లాగింది. నేను వేసిన జిప్పు, ఒక్క లాగుకే పడింది.